ఒంగోలు కొండ మీద ఐదుగురు

1854 జనవరి 1. ఇంకా పొద్దు పొడవకముందే ఒంగోలును ఆనుకుని ఉన్న కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. నెల్లూరు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో పనిచేస్తున్న లైమన్ జ్యువెట్, ఆయన భార్య, వాళ్ల వెంట ముగ్గురు తెలుగువాళ్లు: జూలియా, రూతు, క్రిస్టియన్ నరసు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ఒకరి తరువాత ఒకరు ప్రార్థించి, పొద్దెక్కాక కిందికి దిగారు. వాళ్లు అడిగిన మనిషి ఊళ్లోకి వచ్చేసరికి పన్నెండేళ్లు పట్టింది.

ఆ రోజుల్లో నెల్లూరు మిషన్ పరిస్థితి ఏమీ బాగాలేదు. 1836లో సామ్యూల్ డే ఈ గడ్డ మీద అడుగుపెట్టాక ఇన్నేళ్లకూ విశ్వాసులు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో మిషన్ పెద్దలు సమావేశమై దీన్ని మూసేద్దామా అని చర్చించారు. పటం మీద ఒంటరి చుక్కలా కనిపించిన నెల్లూరు గురించి సామ్యూల్ ఎఫ్. స్మిత్ రాసిన కవిత ఆ మాటను అప్పటికి ఆపింది. అయితే ఆ సంశయం మళ్లీ తలెత్తింది. 1862లో స్వదేశానికి వెళ్లిన జ్యువెట్, మీరు పంపకపోయినా నేను తిరిగి వెళతానని పట్టుబట్టాడు. తిరుగు ప్రయాణంలో ఆయన వెంట వచ్చిన యువకుడే జాన్ ఎవరెట్ క్లౌ. 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది.

ఇలా కలిసి ప్రార్థనలో కనిపెట్టడం, అంటే ఎదురుచూడడం, క్రైస్తవంలో మొదటినుంచీ ఉంది. యేసు ఆరోహణం తరువాత యెరూషలేములోని మేడగదిలో శిష్యులు ఏకమనస్సుతో ప్రార్థనలో ఎదురుచూశారని అపొస్తలుల కార్యములు చెబుతాయి. మన సంఘాల్లోని కనిపెట్టు ప్రార్థనలకు మూలం అదే. కానీ అక్కడ నిరీక్షణ కొన్ని రోజులే. ఒంగోలు ఐదుగురికి గడువు లేదు, గురుతు లేదు.

పైగా వచ్చిన జవాబు ఎవరూ ఊహించిన దారిలో రాలేదు. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి, అంతకుముందు రాజయోగ సాధకుడు. ఆయన తన బంధువర్గంలో ఊరూరా తిరిగి చెప్పిన మాటే వేలమందిని కదిలించింది. మాదిగలను చేర్చుకుంటే మేము రామని అగ్రవర్ణ పిల్లలు మిషన్ బడి మానేశారు. క్లౌ మాదిగల పక్షానే నిలిచాడు. ఆ నిర్ణయం లేకుంటే కొండ మీది ప్రార్థన ఒక చిన్న జ్ఞాపకంగానే మిగిలేదని నా నమ్మకం.

తరువాత ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని కూలీలకు పని చూపాడు. బాప్తిస్మం కోసం జనం వస్తే, కడుపు కోసం చేరుతున్నారన్న మాట పడకూడదని పదిహేను నెలలు ఆపాడు. ఈసారి ఎదురుచూసినవాళ్లు కూలీజనం. కూలి పని ముగిశాక కూడా వాళ్లు వెనుదిరగలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. చరిత్ర పుస్తకాలన్నీ గొప్పగా చెప్పుకునే సంఖ్య అదే.

ఒంగోలులో క్లౌ పేరిట ఆసుపత్రి వెలిసింది. జ్యువెట్ పేరిట గుడి ఉంది. జూలియా, రూతు, నరసుల పేర్లు మాత్రం చాలామందికి తెలియవు. పెద్దపేరున్న దొరలతో సమానంగా ఆ తెల్లవారుజామున గొంతెత్తి ప్రార్థించినవాళ్లు వీళ్లు. సండే స్కూలు పిల్లలకు ఆ కొండ కథ చెప్పేటప్పుడు సంఘ పెద్దలు దయచేసి ఈ మూడు పేర్లూ కలిపి చెప్పండి.