తులసమ్మకో గాజు గది

ఇంగ్లండు వచ్చిన మొదటి చలికాలంలోనే నా తులసి నల్లబడి పోయింది. పండగపూట కోట ఖాళీగా ఉంటే ఎంత దిగులేసిందో! రెండో మొక్కని ఇంటి వెనక కన్సర్వేటరీలో పెట్టాను. అది కాఫీ తాగుతూ కూర్చునే గది అనుకునేదాన్ని. నిజానికి ఆ గాజు గదులు పుట్టిందే మొక్కల కోసమట! ఒకప్పుడు జమీందార్లు నారింజ చెట్లను చలి నుంచి కాపాడుకోవడానికి కట్టించుకున్నారు.

పేదలకి ఆ భోగం ఎక్కడిది? 1696 నుంచి కిటికీలకు పన్ను, 1746 నుంచి గాజుకీ పన్ను. ఆ భారం భరించలేక చాలామంది కిటికీలనే ఇటుకలతో మూసేశారు. వెలుతురు కూడా కొనుక్కోవాల్సిన రోజులు! గాజు పన్ను 1845లో, కిటికీ పన్ను 1851లో రద్దయ్యాయి.

ఇప్పుడు మాది డబుల్ గ్లేజింగ్: రెండు అద్దాలు, మధ్యలో బిగించిన గాలి పొర. చలిని ఆపేది ఆ పొరే. దాని వెనక, చిన్న హీటరు పక్కన, ఈసారి నా తులసి చిగురేసింది.