కొల్లూరు లెక్క

పల్నాడు, పందెం అన్న రెండు మాటలు కలిస్తే అందరికీ నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపుంజులే గుర్తొస్తాయి. ఇదే నేల మీద ఇంకో పెద్ద పందెం నడిచింది: కొల్లూరు వజ్రాల గని. ఇప్పటి పల్నాడు జిల్లాలో, కృష్ణ ఒడ్డున ఉండేది. ఇవాళ పులిచింతల జలాశయం కింద ఉంది.

ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియర్ పదిహేడో శతాబ్దంలో ఆ గనిని చూశాడు. అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో రాశాడు. మగవాళ్లు తవ్వడం, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మొయ్యడం. పది, పద్నాలుగు అడుగుల్లో నీళ్లు పడితే ఆ గుంట మీద ఆశ వదులుకోవడమే. మట్టిని కడిగి, ఎండబెట్టి, ధాన్యంలా చెరిగి రాయి కోసం వెతికేవాళ్లు. గని ఎలా మొదలైందో కూడా చెప్తాడు: పొలం తవ్వుకుంటున్న ఒక పేదవాడికి సుమారు 25 క్యారెట్ల రాయి దొరికిందట.

ఈ పేజీలు చదువుతుంటే బిట్‌కాయిన్‌కి 'మైనింగ్' అన్న పేరు ఎంత సరిగ్గా కుదిరిందో అనిపించింది. యంత్రం ఒక అంకె వేసి చూస్తుంది. కుదిరితే బ్లాక్ దొరికినట్టు, లేకపోతే ఇంకో అంకె. ప్రపంచం మొత్తానికీ సుమారు పది నిమిషాలకొక బ్లాక్. 2024 ఏప్రిల్ నుంచీ ఒక్కో బ్లాక్‌కి బహుమతి 3.125 బిట్‌కాయిన్లు.

నరసరావుపేటలో ఒకతను 200 టెరాహాష్ యంత్రం కొని, ఒంటరిగా తవ్వుతున్నాడనుకుందాం. నెట్‌వర్క్ మొత్తం బలం 1,000 ఎక్సాహాష్ అనుకుంటే అతని వాటా 50 లక్షల్లో ఒకటి. ఏడాదికి 52,560 బ్లాకులు. అంటే అతనికి సగటున 95 ఏళ్లకొకటి. పైగా నిన్నటి వైఫల్యం ఇవాళ్టి గెలుపుని దగ్గర చెయ్యదు. 95 ఏళ్లు తవ్వినా ఒక్కటీ దొరక్కపోయే అవకాశం ఇంకా 37 శాతం ఉంటుంది.

బిట్‌కాయిన్ 80 లక్షలనుకుంటే సగటు రాబడి ఏడాదికి 2.6 లక్షలు. మూడున్నర కిలోవాట్ల యంత్రానికి, యూనిట్ 8 రూపాయల చొప్పున కరెంటు 2.45 లక్షలు. కాగితం మీద లాభమే. కానీ ఆ సగటుకి అర్థం ఒక్క ఏడాది రెండున్నర కోట్లు, మిగతా 94 ఏళ్లు సున్నా. దొరికిన నాణేలు అమ్మితే 2022 నుంచీ 30 శాతం పన్ను, అందులో కరెంటు ఖర్చు మినహాయించరు. యంత్రం ఖరీదు ఇంకా లెక్కలోకే రాలేదు.

అందుకే 2010లోనే పూల్స్ పుట్టాయి: అందరూ కలిసి తవ్వి, దొరికింది వాటాలేసుకోవడం. సగటు పెరగదు, ఎదురుచూపు తగ్గుతుంది. బీజాపూర్ రాజ్యంలో ఆ ఎదురుచూపు భారం వర్తకుడిది. టావెర్నియర్ రావోల్కొండ అని రాసిన మరో గని లెక్కలు చూడండి. 50 మంది కూలీల్ని పెట్టుకుంటే వర్తకుడు రాజుకి రోజుకి రెండు వరహాలు కట్టాలి, రాయి దొరికినా దొరక్కపోయినా. కూలీకి ఏడాదికి మూడు వరహాలు. పెద్ద రాయి దొరికితే తలపాగా గుడ్డ, ఒక వరహానో అర వరహానో. దొంగతనం జరక్కుండా ఆ 50 మందికీ 12 నుంచి 15 మంది కాపలా.

ఒంటరిగా గెలిచినవాడి కథ కూడా కొల్లూరుకి ఉంది. ఒక బానిస పెద్ద వజ్రాన్ని కాలి గాయంలో దాచి పారిపోతే, ఓడ కెప్టెన్ అతన్ని చంపి రాయి కాజేశాడంటారు. అది నిజమో కాదో గానీ, ఆ వజ్రాన్ని మద్రాసు గవర్నర్ థామస్ పిట్ కొనడం నిజం. 1717లో అది ఫ్రాన్స్ రాజప్రతినిధికి చేరింది, ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. వజ్రానికి పిట్ పేరు, రీజెంట్ పేరు మిగిలాయి. తవ్వినవాడి పేరు లేదు.

ఒంటరి మైనర్‌కి బ్లాక్ దొరికిందన్న వార్త ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది, నిజమే. అది చదివినప్పుడు నాకు 25 క్యారెట్ల రైతు కన్నా, రోజుకి రెండు వరహాలు లెక్కపెట్టుకున్నవాడే ముందు గుర్తొస్తాడు. ఆ పందెంలో ఏ రోజూ ఓడనిది అతనొక్కడే. ఇప్పుడు అతని చోట కరెంటు మీటరు తిరుగుతోంది.