ముఖం మండుతోందా? రొజేషియా కావచ్చు

వేడి కాఫీ తాగగానే, ఎండలో నాలుగడుగులు వేయగానే బుగ్గలు, ముక్కు వేడెక్కి చురచురలాడుతున్నాయా? అప్పుడప్పుడూ మొటిమల్లాంటి పొక్కులు లేస్తున్నాయా? అది రొజేషియా అనే చర్మవ్యాధి కావచ్చు. ఎక్కువగా 30 ఏళ్ళు దాటినవారిలో కనిపిస్తుంది. ఇది తెల్లవారి జబ్బని చాలామంది అనుకుంటారు. మనవారికీ వస్తుంది. కాకపోతే చామనఛాయ ముఖంలో ఎరుపు స్పష్టంగా కనపడదు కాబట్టి మొటిమలనో, ఎలర్జీ అనో పొరబడుతుంటాం. మొటిమల్లో ఉండే బ్లాక్ హెడ్స్ ఇందులో ఉండవు. కొందరికి కళ్ళు పొడిబారి, ఇసుక పడ్డట్టు గరగరలాడతాయి.

ఎందుకొస్తుంది?

వంశపారంపర్యం కొంత కారణం. చర్మంలోని రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం, రక్తనాళాలు తేలిగ్గా ఉబ్బడం మరికొంత. చాలామంది పెద్దల ముఖాల మీద ఉండే డెమోడెక్స్ అనే సూక్ష్మమైన పురుగులు ఈ రోగుల్లో ఎక్కువగా కనిపిస్తాయి. ఇది అంటువ్యాధి కాదు. శుభ్రత లేక వచ్చేదీ కాదు.

ఏవి రెచ్చగొడతాయి?

ఎండ, వేడి, చలిగాలి, మద్యం, మానసిక ఒత్తిడి, ఘాటైన సబ్బులు. కాఫీ విషయంలో తప్పు కెఫీన్‌ది కాదు, వేడిది. చల్లార్చి తాగి చూడండి. మిరపకాయలోని కాప్సైసిన్, వేడిని గుర్తించే నాడుల్నే తట్టి లేపుతుంది. అందుకే ఆవకాయ అన్నం తిన్నాక కొందరికి ముఖం భగ్గుమంటుంది. అయితే అందరికీ అన్నీ పడకపోవడం ఉండదు. ఏ రోజు ఏం తిన్నారో, ఎక్కడ తిరిగారో రెండు మూడు వారాలు రాసుకుంటే మీకు పడనిదేదో తెలుస్తుంది.

ఇండియా నుంచి తెచ్చుకునే క్రీములు

అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే. మనలో చాలామంది పెట్టెలో మచ్చలకనీ, తెల్లబడటానికనీ కొన్న ట్యూబు ఒకటి ఉంటుంది. అందులో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి పేర్లుంటే అది స్టెరాయిడ్. మొదట్లో ముఖం నునుపెక్కి బాగున్నట్టే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, రొజేషియా లాంటి మంట, పొక్కులు మొదలవుతాయి. మానేస్తే ఇంకా ఎక్కువవుతుంది, దాంతో మళ్ళీ రాస్తారు. ఇండియాలో ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో నిబంధన కూడా వచ్చింది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే, ఎలా మానాలో డాక్టరునడిగి మానండి.

ఏం చేయాలి?

రోజూ 30 లేక అంతకన్నా ఎక్కువ ఎస్‌పీఎఫ్ ఉన్న సన్‌స్క్రీన్, వాసనలు లేని మాయిశ్చరైజరు వాడండి. మెట్రోనిడజోల్, అజెలాయిక్ యాసిడ్, అమెరికాలో 2014లో అనుమతి పొందిన ఐవర్‌మెక్టిన్ క్రీము బాగా పనిచేస్తాయి. పూర్తిగా నయం కాకపోయినా అదుపులో ఉంటుంది. కంట్లో నొప్పి గాని, చూపు మసకబారడం గాని ఉంటే ఆలస్యం చేయకండి. బుగ్గలమీద ఎరుపుతోపాటు కీళ్ళనొప్పులు, జ్వరం ఉంటే అది లూపస్ కావచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ వెంట తీసుకెళ్ళండి. సగం సమాధానం వాటి మీదే రాసి ఉండవచ్చు.