బీడీ చుట్టువారును చట్టమును: ఒక పాత తీర్పు, ఒక కొత్త ప్రశ్న

షోలాపురమునందలి మన పద్మశాలి కుటుంబముల చరిత్ర వ్రాయువారు సాధారణముగా మగ్గముతో మొదలిడి మిల్లుతో ముగింతురు. తెలంగాణ జిల్లాలనుండి వలసవచ్చిన ఆ ఇండ్లలో పురుషులు మగ్గములకును మిల్లులకును పోగా, స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టిరి. ఆ చాటతో ముడివడిన న్యాయచరిత్ర యొకటి కలదు. కృత్రిమ మేధ వలన పనివారికి కలుగు కష్టములకు చట్టమేమి చేయవలెనని నేడు జరుగుచున్న చర్చకు అంతకంటె దగ్గరి పూర్వగాథ మాకు కనబడలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కార్మికునికి వేతనముతో కూడిన సెలవు నిచ్చినది. బీడీ చుట్టువాడు కార్మికుడా, కాడా? మహారాష్ట్రలోని ఒక కార్ఖానా వ్యాజ్యముగా ఈ ప్రశ్న సుప్రీంకోర్టునకు వచ్చెను. 1960 దశాబ్ది ఆరంభమున తీర్పు వెలువడెను. చుట్టువాడు తనకిష్టమైన వేళ వచ్చును, ఇష్టమైన వేళ పోవును. కూలి చుట్టిన లెక్కకే గాని కాలమునకు గాదు. పని చేయు తీరుపై యజమాని అదుపు లేదు. కావున కార్మికుడు కాడని ఇద్దరు న్యాయమూర్తులనిరి. మూడవవారు విభేదించి, అతడు కార్మికుడేయని వ్రాసిరి. ఆ మూడవవారు కోకా సుబ్బారావుగారు, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి. (తెలుగువారగుటచే చెప్పుటలేదు; చెప్పుటకు సంతోషముగా మాత్రమున్నది.)

అనంతరము పార్లమెంటు 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టమును చేసెను. అది ఇంటి గడప దాటి లోనికి వచ్చిన చట్టము. యజమానియో గుత్తేదారుయో ఆకును పొగాకును ఇచ్చినచో, ఇంట కూర్చుండి చుట్టు స్త్రీయు కార్మికురాలే యనెను. గుత్తేదారుని వెనుక నిలిచిన అసలు యజమానిని బాధ్యుని చేసెను. చుట్టిన బీడీలు పనికిరావని తీసివేసినప్పుడు వాని కూలిని గూర్చిన తగవు చెప్పుకొనుటకొక అధికారిని చూపెను. దినమంతయు చుట్టి, సాయంకాలము కొన్ని కట్టలు పోగొట్టుకొని, ఎందుకని అడుగుటకు చోటులేక ఇల్లు చేరిన వారికి ఇది చిన్న మేలు కాదు. యజమానులు ఈ చట్టమును ఎదిరించిరి. 1974లో సుప్రీంకోర్టు దానిని నిలబెట్టెను. 1976లో బీడీ పొగాకుపై పన్ను విధించి సంక్షేమనిధి నేర్పరచిరి. ముందు హక్కు, పిదప నిధి: ఈ వరుసను గమనింపవలెను.

నేడు నగరములలో భోజనపు పొట్లములు చేరవేయువాడును, ఫోను పిలుపుపై కారు నడుపువాడును ఆ పాత వాదమునే వినుచున్నారు. ఇష్టమైనప్పుడు ఫోను తెరువుము, ఇష్టమైనప్పుడు మూయుము. నీవు పనివాడవు కావు, భాగస్వామివి! కాని ఏ పని ఎవరికీయవలెనో, ఎంత ఈయవలెనో, ఎవరిని తొలగింపవలెనో కంప్యూటరు లెక్కగట్టుచున్నది. బీడీలు ఏరి తీసివేసిన మేస్త్రీకి ముఖమైన నుండెను. తిట్టుటకైనను ఎదుట నిలిచెను.

2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. ఇట్టి సంస్థలు తమ వార్షిక వ్యాపారములో నూటికి 1 నుండి 2 వంతులు నిధికి చెల్లింపవలెనని అందున్నది. అయితే ఆ పనివారిని యజమాని-ఉద్యోగి సంబంధమునకు వెలుపలి వారిగానే అది నిర్వచించెను. 1976 వచ్చినది, 1966 రాలేదు. కర్ణాటక 2025లో చేసిన చట్టము కొంత ముందడుగు వేసెను: యంత్రము నిర్ణయించు తీరు పనివానికి తెలుపవలెను, తొలగించుటకు ముందు కారణము వ్రాసి 14 దినముల నోటీసు ఈయవలెను. బెంగుళూరులోని మన కుటుంబముల పిల్లలకు ఇది తెలిసియుండుట మంచిది.

మా అభిప్రాయమిది. కూలి నిర్ణయించుటయు పని తప్పించుటయు ఎవరి చేతిలో నున్నవో వారే యజమాని. లెక్క యంత్రము గట్టినదను మాట వారికి అడ్డు కారాదు. కాదన్న ప్రతి పనికిని కారణము చెప్పు మనిషి, ఆపై విను అధికారి ఉండవలెను. ఇందులో నూతనమేమియు లేదు. బీడీ చట్టము నాడే అంగీకరించినది. ఆ బీడీ చట్టమును 2025 నవంబరు 21ననే, వృత్తి భద్రతా స్మృతి అమలులోనికి వచ్చుటతో, రద్దు చేసిరి.