కారణం రాయని వైద్యనివేదిక: సైనికుల వైకల్య పింఛను అప్పీళ్లలో ఒక మలుపు

సైనికుడికి దళంలో చేరేటప్పుడు ఒకసారి, అనారోగ్యకారణంగా సేవనుంచి తప్పించేటప్పుడు మరొకసారి వైద్యపరీక్ష జరుగుతుంది. వైకల్య పింఛను వివాదాలు అనేకం ఈ రెండు పరీక్షల పత్రాల మధ్య ఉన్న వైరుధ్యం నుంచే పుట్టాయి. అటువంటి వాటిలో ధరమ్‌వీర్ సింగ్ వ్యాజ్యం ప్రత్యేకంగా పరిశీలించదగినది.

ధరమ్‌వీర్ సింగ్ 1985 జూన్ 15న సైన్యంలోని సిగ్నల్స్ దళంలో సిపాయిగా చేరారు. నాటి పత్రాలలో ఆయనకు ఏ వ్యాధీ ఉన్నట్లు నమోదు కాలేదు. మూర్ఛవ్యాధి వల్ల 20 శాతం శాశ్వత వైకల్యం ఏర్పడిందంటూ 1994 ఏప్రిల్ 1 నుంచి ఆయనను సేవనుంచి తప్పించారు. 1961 నాటి సైనిక పింఛను నిబంధనలలో 173వది కోరే కనీస వైకల్యం కూడా సరిగ్గా 20 శాతమే. అయినా పింఛను రాలేదు. వ్యాధికి సైనికసేవతో సంబంధం లేదని, అది శరీరతత్త్వానికి చెందినదని మెడికల్ బోర్డు రాసింది. ఆ నిర్ణయానికి ఎలా వచ్చిందో మాత్రం రాయలేదు. పింఛను మంజూరు చేసే అధికారులు ఆ అభిప్రాయాన్నే అనుసరించి తిరస్కరించారు.

హైకోర్టులో ఏకసభ్య ధర్మాసనం ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది. అప్పీలులో ద్విసభ్య ధర్మాసనం దానిని తోసిపుచ్చింది. ఆ తరువాత వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది.

అప్పటికి వర్తించే 1982 నాటి అర్హతా నియమాలను ఇక్కడ నిదానంగా చదవాలి. చేరేనాటి పత్రాలలో లోపమేదీ నమోదు కాకుంటే సైనికుడు ఆరోగ్యవంతుడిగానే చేరినట్లు భావించాలని, తరువాత అనారోగ్యంతో తప్పిస్తే ఆ క్షీణత సేవవల్లనే కలిగినట్లు భావించాలని 5వ నియమం చెబుతుంది. 9వ నియమం అర్హతను రుజువు చేసే భారాన్ని అర్జీదారుపై మోపదు. సహేతుకమైన సందేహం ఉంటే దాని ఫలం అతనికే. వ్యాధి చేరకముందే ఉందని, నాటి పరీక్షలో అది బయటపడే అవకాశం లేదని వైద్యులు భావిస్తే, ఆ అభిప్రాయానికి కారణాలు పేర్కొనాలని 14వ నియమం కోరుతుంది. న్యాయశాస్త్ర విద్యార్థిని కాకపోయినా, పాఠపరిశీలన అలవాటున్నవాడిగా నాకు తోచేది ఒకటుంది: వ్యాజ్యమంతా ‘కారణాలు’ అన్న ఆ ఒక్క మాట మీద నిలిచింది.

2013 జూలై 2న జస్టిస్ ఎ.కె. పట్నాయక్, జస్టిస్ సుధాంశు జ్యోతి ముఖోపాధ్యాయలతో కూడిన ధర్మాసనం ఆ మాటకు పూర్తి విలువనిచ్చింది. బోర్డు కారణాలు చెప్పలేదని, అధికారులు యాంత్రికంగా తిరస్కరించారని పేర్కొంటూ పింఛను హక్కును నిలబెట్టింది. సేవనుంచి తప్పించిన నాటికీ ఈ తీర్పుకూ మధ్య పందొమ్మిదేళ్లు గడిచాయి. ధర్మాసనం కొత్త హక్కునేదీ సృష్టించలేదు. 1982 నుంచి ఉన్న నియమాన్నే అమలు చేసింది.

దీనర్థం వైద్యుల అభిప్రాయానికి విలువ లేదని కాదు. మెడికల్ బోర్డు నిపుణుల సంఘమని, దాని అభిప్రాయానికి తగిన ప్రాధాన్యం ఇవ్వాలని 2009లో దామోదరన్ వ్యాజ్యంలో ఇదే సుప్రీంకోర్టు చెప్పింది. నిపుణుడి మాటకు ఆ గౌరవం దక్కాలంటే అతడు తన కారణాన్ని చెప్పి తీరాలన్నదే 2013 తీర్పు చేర్చిన షరతు. 2015లో రాజ్‌బీర్ సింగ్ వ్యాజ్యంలోనూ కోర్టు ఈ మార్గాన్నే అనుసరించింది.

అయితే ఈ తీర్పులు వెలువడేనాటికే నియమాల పాఠం మారింది. సేవాకాలంలో వ్యాధి బయటపడినంత మాత్రాన అది సేవవల్ల కలిగినట్లు కాదని 2008 నాటి నియమాలు చెప్పాయి. సేవ ముగిసిన పదిహేనేళ్ల తరువాత అర్జీ పెడితే రుజువు భారం అర్జీదారుదేనని కూడా అవి నిర్దేశించాయి.