కట్టడాల బొమ్మలు – కనబడని మనుషులు

క్రిందటేడు మా కళాశాల విద్యార్థులు ఒక పోటీ పెట్టారు. స్మార్ట్‌ఫోనుతో తీసిన కట్టడాల ఛాయాచిత్రాల పోటీ. చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి కనుక న్యాయనిర్ణేతల్లో నన్నూ ఒకణ్ణిగా కూర్చోబెట్టారు. గోపురాలు, బురుజులు, రైలు స్టేషన్లు, అద్దాల కార్యాలయాలు చాలా వచ్చాయి. మొదటి బహుమతి మా కొత్త గ్రంథాలయ భవనం బొమ్మకు ఇచ్చాం. వాన వెలిశాక తీసిన బొమ్మ. ముంగిట నిలిచిన నీళ్ళలో మెట్లూ స్తంభాలూ తలకిందులుగా మెరుస్తున్నాయి. చీమ కూడా లేదు. నేను నూటికి తొంభై మార్కులు వేశాను.

మర్నాడు ఆ కుర్రవాడు నా గదికి వచ్చి, "అసలు బొమ్మ ఇదండి మాస్టారూ" అని ఫోను చూపించాడు. అందులో స్తంభం పక్కన సిమెంటు తట్ట నెత్తిన పెట్టుకున్న ఒక ఆడమనిషి వుంది. భవనం వెనక భాగంలో అప్పటికింకా పని జరుగుతూ వుండేది. "ఈవిడ అడ్డం వచ్చిందండి. వేలితో ఇలా రాస్తే పోయింది" అన్నాడు సంతోషంగా. తాజమహలును గురించి శ్రీశ్రీ వేసిన ప్రశ్నను సాహిత్య సభలో గొంతెత్తి చదివినవాడు ఈ కుర్రవాడే. అతణ్ణి మందలించడానికి నాకు నోరు రాలేదు. మార్కులు వేసింది నేను. బొమ్మలో మనిషి లేకపోవడమే అందమని నా కంటికి తోచింది.

కట్టడం బొమ్మకు మనిషి అడ్డమనే ఈ అభిరుచి మనకు ఎక్కడనుంచి వచ్చింది? అభిరుచులు ఆకాశం నుంచి ఊడిపడవు. వాటికీ చరిత్ర వుంది. ఆ చరిత్రను కొంచెం తిరగేసి చూడడమే ఈ వ్యాసం పని.

ఛాయాచిత్రకళ కట్టడాలతోనే మొదలైంది. 1838లో డాగేర్ పారిస్‌లో తన కిటికీలోనుంచి బులెవార్ ద్యు తాంప్ల్ అనే వీధిని బొమ్మ తీశాడు. బళ్ళతో, జనంతో కిక్కిరిసే వీధి అది. బొమ్మలో మాత్రం దాదాపు నిర్మానుష్యంగా కనబడుతుంది. ఆనాటి రసాయనాలకు వెలుతురు పట్టడానికి నిమిషాలు కావాలి. కదిలేవాళ్ళు ఆ రేకు మీద నిలవలేదు. కదలని మేడలు నిలిచాయి. ఒక మూల మాత్రం, బూట్లు పాలిష్ చేయించుకోవడానికి ఆగిన ఒక పెద్దమనిషి పడ్డాడు. అతని కాళ్ళ దగ్గర వంగి పని చేస్తున్నవాడు ఒక మసకగా మిగిలాడు. ఛాయాచిత్రంలోకి ఎక్కిన మొదటి మనుషులు వీరేనని చాలామంది చరిత్రకారులు చెబుతారు. ఇద్దరి పేర్లూ ఎవరికీ తెలియవు. ఒకడు నిలబడగలిగాడు కనుక బొమ్మలో పడ్డాడు. రెండోవాడు మొదటివాడి బూట్ల పుణ్యమా అని పడ్డాడు. పని చేసే మనిషికీ కట్టడం బొమ్మకూ వున్న సంబంధం పుట్టుకలోనే ఇలా తేలింది.

అప్పుడు నేరం రసాయనానిది. త్వరలోనే ఆ ఖాళీతనం ప్రభుత్వాలకు పనికొచ్చింది. 1851లో ఫ్రెంచి చారిత్రక కట్టడాల సంఘం బాల్దూస్, బయార్, లె గ్రే, లె సెక్, మెస్త్రాల్ అనే అయిదుగురిని దేశంలోని ప్రాచీన కట్టడాల బొమ్మలు తీసుకురమ్మని పంపింది. తరువాత ఔస్మాన్ అనే అధికారి పారిస్ పాత పేటలను కూలగొట్టి వెడల్పు వీధులు వేయిస్తున్న కాలంలో, కూలబోయే సందుగొందులను నగరపాలకుల తరఫున చార్లెస్ మార్విల్ బొమ్మలు తీశాడు. తడిసిన రాళ్ళు, మూసిన తలుపులు, గోడల మీద ప్రకటనలు అన్నీ స్పష్టంగా వున్నాయి. ఆ ఇళ్ళలోనుంచి లేచిపోవలసిన బీదలు ఎక్కడో అరుదుగా గాని అగుపించరు. ఖాళీ వీధిని చూసినవాడికి దాన్ని కూల్చడం పెద్ద ఘోరమనిపించదు.

మన దేశంలోకి ఈ కళ పాలకుల సామానులో భాగంగా వచ్చింది. 1856లో మద్రాసు ప్రభుత్వం కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్‌ను తన ఛాయాగ్రాహకుడుగా నియమించింది. తంజావూరు, మధుర, శ్రీరంగం గోపురాలను అతడు తీసిన తీరు నేటికీ మెచ్చుకోదగిందే. కాని తెలుగువాళ్ళం ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన బొమ్మలు మరికొన్ని వున్నాయి. 1845లో వాల్టర్ ఎలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలను 1858లో ట్రైప్ బొమ్మలు తీశాడు. మరుసటి ఏడే ఆ రాళ్ళలో చాలా భాగం లండనుకు ఓడెక్కాయి. అంటే మన స్తూపానికి తీసిన మొదటి ఛాయాచిత్రాలు ఒక రకంగా సరుకు పట్టీ. హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్ సంగతి వేరు. అతడు ఈ దేశపువాడు, గొప్ప పనివాడు. అయినా ఆరవ నిజాము కొలువులో వున్నవాడు ప్రభువుకు నచ్చిన మేడలే తీయాలి. ఫలక్‌నుమా గదులు, దీపాలు, తివాచీలు ఆ బొమ్మల్లో ధగధగలాడుతాయి. ఆ దీపాలు తుడిచినవాళ్ళను చూపమని అతణ్ణి ఎవరూ అడగలేదు.

వీటికి ఎదురుగా మరో సంప్రదాయం లేకపోలేదు. అమెరికాలో లూయిస్ హైన్ 1908 నుంచి గనుల్లో, మిల్లుల్లో పనిచేసే పసివాళ్ళను బొమ్మలు తీసి, బాలల చాకిరీని మాన్పించే ఉద్యమానికి ఆయుధాలుగా ఇచ్చాడు. 1930–31లో ఎంపైర్ స్టేట్ భవనం లేస్తున్నప్పుడు ఆయనే పనివాళ్ళతో పాటు ఉక్కు దూలాల మీదికి ఎక్కాడు. ఆయన బొమ్మల్లో ఆకాశహర్మ్యం కన్న బోల్టు బిగిస్తున్న చెయ్యి పెద్దది. ఇంత చేసినవాడు 1940లో దరిద్రంలో కన్నుమూశాడు.

ఇక్కడ మన ఇంటి లెక్క కూడా దాచకుండా చెప్పుకోవాలి. 1933లో సోవియట్ కళాకారుడు రోద్చెంకో శ్వేతసముద్ర–బాల్టిక్ కాలువ నిర్మాణాన్ని బొమ్మలు తీశాడు. వాటి నిండా శ్రామికులే. కాని వాళ్ళు ఖైదీలు. బలవంతపు చాకిరీలో వేలమంది చనిపోయారు. ఆ బొమ్మలు అచ్చయిన పత్రిక దానిని మనుషులను సంస్కరించే పనిగా కీర్తించింది. కనుక పనివాణ్ణి బొమ్మలో నిలబెట్టినంత మాత్రాన బొమ్మ నిజం చెప్పినట్లు కాదు. అతడు ఏ షరతుల మీద అక్కడ నిలబడ్డాడో కూడా చెప్పాలి. ఈ మాట ప్రత్యర్థులకు ఎంత వర్తిస్తుందో మనకూ అంతే వర్తిస్తుంది.

ఇక ఫోను సంగతి. 2000లో జపానులో షార్ప్ కంపెనీ కెమెరా వున్న ఫోను అమ్మకానికి పెట్టింది. దాని బొమ్మలో వుండేవి లక్షా పదివేల చుక్కలు మాత్రమే. 2007లో ఐఫోను వచ్చింది. ఆ ఏడే ఐఫోను బొమ్మల అంతర్జాతీయ పోటీ మొదలైంది. అందులో వాస్తుకు ప్రత్యేక విభాగం వుంది. ఒకప్పుడు కొలువులో వున్నవాడికే దక్కిన పరికరం నేడు తట్ట మోసే మనిషి కొంగున కూడా వుంటున్నది. ఇది చిన్న మార్పు కాదు. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైన వికీ లవ్స్ మాన్యుమెంట్స్ పోటీ మరుసటి ఏడు ఐరోపా అంతటా 1,68,000 పైచిలుకు బొమ్మలు సేకరించి గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. 2012లో మన దేశమూ చేరింది. ఆ బొమ్మలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. సామాన్యులు కూడబెట్టిన ఇటువంటి ఆస్తిని తేలిక చేయడం తప్పు.

అయితే పరికరం చేతులు మారినంత వేగంగా అభిరుచి మారలేదు. వ్యాపారం ఆ పాత అభిరుచినే కొత్తగా అమ్ముతున్నది. 2019 జనవరిలో యాపిల్ తన ఫోనుతో తీసిన బొమ్మల పోటీ ప్రకటించింది. గెలిచిన బొమ్మలు నగరాల్లో ప్రకటన పలకలెక్కుతాయన్నది. తీసినవారికి డబ్బు మాట లేదు. విమర్శలు వచ్చాకనే రుసుము ఇస్తామన్నది. ఇక 2021లో గూగుల్ తన ఫోనులో అక్కరలేని మనుషులను చెరిపివేసే సాధనం పెట్టింది. 2024లో యాపిల్ కూడా అదే పని చేసింది. డాగేర్ రేకుకు మనుషులను పట్టే శక్తి లేక వదిలేసింది. నేటి ఫోను రెప్పపాటులో అందరినీ పడుతుంది. మనమే వెనక్కి వెళ్ళి వాళ్ళను తీసివేస్తున్నాం. అప్పటిది అశక్తత. ఇప్పటిది నిర్ణయం. నిర్ణయానికి బాధ్యత వహించేవాడు వుండాలి.

ఈ ఆలోచనలతో నేను మళ్ళీ అమరావతి శాసనాలు తిరగేశాను. అక్కడ పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకం మీద దాని దాత పేరు వుంది. చర్మకారుడైన విధికుడు, తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కలిసి ఇచ్చిన దానమని ఆ రాయి చెబుతుంది. పారిస్ వీధిలో బూట్లు తుడిచినవాడికి దక్కని పేరు, అంతకు శతాబ్దాల ముందే కృష్ణ ఒడ్డున తోలు పనివాడికి దక్కింది. దీన్ని చూసి మురిసిపోనక్కరలేదు. విధికుడి పేరు చెక్కింది అతడు దానం చేశాడు కనుక. ఆ ఘటాన్ని చెక్కిన శిల్పి పేరు దాని మీద లేదు. అయినా ఒక మాట రుజువవుతుంది: పని చేసేవాడి పేరు రాసినంత మాత్రాన రాయి అందం తరగదు.

ఈ ఏడు పోటీ పెడతామని విద్యార్థులు మళ్ళీ వచ్చారు. ఖాళీ కట్టడాన్ని తీయవద్దని నేను అనలేదు. కంటికి హద్దులు గీయడం నా పని కాదు. రెండు నియమాలు మాత్రం అడిగాను. బొమ్మలోనుంచి ఏ మనిషినీ చెరపకూడదు. బొమ్మ కింద నాలుగు వాక్యాలు రాయాలి: ఆ కట్టడం ఎప్పుడు కట్టారు, ఎవరి డబ్బుతో కట్టారు, ఎవరు కట్టారు, వాళ్ళకు ఏం దక్కింది. తెలియకపోతే వెళ్ళి అడగాలి. కొందరు గొణిగారు. నిరుటి బహుమతి కుర్రవాడు మాత్రం ఏమీ అనకుండా వెళ్ళాడు.

వారం తిరిగాక వచ్చి, గ్రంథాలయం పనివాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారనీ, ఏ ఊరు వెళ్ళారో మేస్త్రీకి కూడా తెలియదనీ చెప్పాడు. చెరపని అసలు బొమ్మనే ఈసారి పోటీకి ఇచ్చాడు. దాని కింద రాసిన నాలుగు వాక్యాల్లో మూడోది ఇది: "ఈమె పేరు నేను అప్పుడు అడగలేదు."

ఆ బొమ్మకు ఎన్ని మార్కులు వేయాలో ఇంకా తేల్చుకోలేదు. నిరుడు వేసిన తొంభై మాత్రం నా లెక్కలోనుంచి కొట్టివేసుకున్నాను.