తెలుగు సినిమా, టెలివిజన్ అధ్యయనం

తెలుగు సినిమాను, టెలివిజన్‌ను, వాటి చుట్టూ అల్లుకున్న జనరంజక సంస్కృతిని చరిత్ర, రాజకీయం, కులం, స్త్రీవాదం వంటి కోణాల నుంచి పరిశీలించే పరిశోధన రంగం ఇది. 1990లలో హైదరాబాదు విశ్వవిద్యాలయాల్లో గట్టిపడింది. దీనికి సంబంధించిన రెండు చిరునామాలు నాంపల్లిలో నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. ఒకటి నాంపల్లి స్టేషన్ రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్, రెండోది తెలుగు విశ్వవిద్యాలయం పుట్టిన పబ్లిక్ గార్డెన్స్. ఈ రెండింటి మధ్య రాకపోకలు ఉండవలసినంతగా లేకపోవడమే ఈ రంగం ఇప్పటికీ మోస్తున్న పెద్ద లోటు.

పూర్వరంగం

విశ్వవిద్యాలయాలు పట్టించుకోకముందు సినిమా మీద ఆలోచన పత్రికల్లోనే సాగింది. కొడవటిగంటి కుటుంబరావు సినిమా గురించి రాసిన వ్యాసాలు ఒక సంపుటానికి సరిపడా ఉన్నాయి. కథ, నటన, ప్రేక్షకుడి అభిరుచి, పెట్టుబడి అన్నింటినీ కలిపి చూసిన తొలి తెలుగు విమర్శకుల్లో ఆయన ముఖ్యుడు. 1966లో మద్రాసు నుంచి మొదలైన ‘విజయచిత్ర’, ఆ తర్వాత హైదరాబాదు నుంచి వచ్చిన ‘సితార’ ప్రధానంగా పాఠకుల ముచ్చట కోసం నడిచినా, వాటి పాత సంచికలు నేటి పరిశోధకులకు ఆధారాలయ్యాయి. తెలుగు శాఖల్లో సినిమా చాలాకాలం సాహిత్యంలో ఒక పాయగానే, అంటే పాటగానే, ప్రవేశించింది. పైడిపాల వంటివారు సినీ గేయ సాహిత్యం మీద చేసిన కృషి ఆ కోవలోది. తెర మీద దృశ్యం, హాల్లో జనం ఆ పరిధిలోకి రాలేదు.

టెలివిజన్ విషయంలో మాత్రం పరిశోధన ప్రసారంతోపాటే వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ అనే టెలివిజన్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందాయి. వాటిలో తెలంగాణ పల్లెలు కూడా ఉన్నాయి. బడిలోనో, పంచాయతీ ఆఫీసులోనో పెట్టిన ఒక్క టీవీ ముందు ఊరంతా కూర్చునేది. ఎవరు ఏం చూశారు, ఏం నేర్చుకున్నారు అని సామాజిక శాస్త్రవేత్తలు పల్లెల్లో మకాం వేసి గమనించారు. ప్రేక్షకుణ్ణి అతని ఊళ్లోనే కలిసి అధ్యయనం చేయడం మన దేశంలో ఇంత పెద్ద ఎత్తున అంతకు ముందు జరగలేదు.

నాంపల్లిలో రెండు సంస్థలు

గోల్డెన్ త్రెషోల్డ్ నిజాం కళాశాల తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఇల్లు. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు కవితా సంపుటి 1905లో అచ్చయింది. దాని పేరే ఇంటికీ వచ్చింది. సరోజిని కుమార్తె పద్మజా నాయుడు దాన్ని హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం తొలి అడుగులు అక్కడే వేసింది. తర్వాత నాట్యం, రంగస్థలం, చిత్రకళ, కమ్యూనికేషన్ శాఖలు కలిసిన సరోజినీ నాయుడు స్కూల్ కూడా, గచ్చిబౌలికి తరలేదాకా, ఆ ఇంట్లోనే నడిచింది.

తెలుగు విశ్వవిద్యాలయాన్ని 1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం స్థాపించింది. ఆనాటి సాహిత్య, కళా అకాడమీలను రద్దుచేసి వాటి పనులను దీనికి అప్పగించింది. సినీ కవి సి.నారాయణరెడ్డి దీనికి ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. 2025లో తెలంగాణ శాసనసభ దీని పేరును సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయంగా మార్చింది. ఒక సినీనటుడు ముఖ్యమంత్రిగా పెట్టిన సంస్థ ఇది. ఆ నటుడు ముఖ్యమంత్రి ఎలా కాగలిగాడన్న ప్రశ్నకు లోతైన జవాబులు మాత్రం వేరే ప్రాంగణాల్లో, ఇంగ్లీషులో వెలువడ్డాయి.

1990ల మలుపు

మండల్ ఆందోళన, బాబ్రీ మసీదు కూల్చివేత, చుండూరు ఘటన ఈ రంగం దిశను మార్చాయి. 1991 జూలైలో చుండూరులో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకులస్థుడికి తగిలిందన్న గొడవ పెరిగి పెద్దదై, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యకు దారితీసింది. టిక్కెట్టు కొన్నవాళ్లంతా ఒకటే అని చెప్పుకునే హాల్లోకి కులం ఎంత బలంగా వస్తుందో ఆ ఘటన చూపింది. సూసీ తారు, తేజస్విని నిరంజన జెండర్ సిద్ధాంతం మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో చుండూరు చర్చ ఉంది. ‘రోజా’ చిత్రం మీద నిరంజన 1994లో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వ్యాసం రాశారు. అందరూ మెచ్చిన దేశభక్తి ఏ వర్గం, ఏ కులం, ఏ మతం మనిషిని పౌరుడిగా చూపుతోందని అందులో ప్రశ్నించారు. ఆ వ్యాసం మీద నడిచిన వాదోపవాదాలు సినిమా విశ్లేషణను వినోదపు పేజీల నుంచి రాజకీయ చర్చలోకి తెచ్చాయి.

తెలుగు సినిమాకు ప్రత్యేకంగా పునాది వేసింది ఎస్.వి.శ్రీనివాస్. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన ఆయన అభిమాన సంఘాలను నేరుగా కలిశారు. కటౌటు కట్టేవాణ్ణి, పాలాభిషేకం చేసేవాణ్ణి మూఢభక్తుడని కొట్టిపారేయడం అప్పటికి విద్యావంతుల అలవాటు. 1996లో వెలువడిన వ్యాసంలో శ్రీనివాస్ అభిమానిలో భక్తితోపాటు ధిక్కారం కూడా ఉందని చూపారు. తార తన ఆశలకు తగ్గట్టు లేకపోతే అభిమాని నిలదీస్తాడు, అలుగుతాడు, హాలు దగ్గర గొడవ పెడతాడు. తార మీద హక్కు తనదేనని నమ్ముతాడు. ఈ ఆలోచన 2009 నాటి ‘మెగాస్టార్’ పుస్తకంలో చిరంజీవి మీద పూర్తి స్థాయి అధ్యయనంగా ఎదిగింది. 2013లో వచ్చిన ‘పాలిటిక్స్ యాజ్ పెర్ఫార్మెన్స్’ తెలుగు సినిమాకు సామాజిక చరిత్ర. తెలుగు సినిమా చదవదలచినవారు మొదట తెరవవలసినవి ఈ రెండు పుస్తకాలే.

ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ ప్రకటించి తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చారు. పౌరాణిక వేషాల మహిమ అన్నది దానికి అందరూ చెప్పిన కారణం. ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో బోధించిన ఎం.మాధవప్రసాద్ 2014 నాటి ‘సినీ-పాలిటిక్స్’లో ఈ జవాబు చాలదన్నారు. ఎం.జి.ఆర్, ఎన్టీఆర్, రాజ్‌కుమార్ ముగ్గురినీ కలిపి చూసి, భాషా జాతులకు రాజ్యాంగంలో దొరకని సార్వభౌమత్వాన్ని తార ఊహలో నింపాడని వాదించారు. అదే సంస్థకు చెందిన ఉమామహేశ్వరి భృగుబండ 2018లో ‘డీటీస్ అండ్ డివోటీస్’లో పౌరాణికాలను, ‘అమ్మోరు’ వంటి దేవత సినిమాలను తీసుకున్నారు. తెర ముందు దణ్ణం పెట్టే ప్రేక్షకురాలు ఒకే సమయంలో పౌరురాలు, భక్తురాలు కూడా అన్నది ఆమె ప్రతిపాదన. ఆ సినిమాలు చూస్తూ వచ్చే పూనకాన్ని వెనుకబాటుతనంగా కాక నేర్చుకున్న దేహాచారంగా చూసిన ఆ అధ్యాయాలు ఈ రంగంలోకెల్లా సున్నితమైనవి.

ఆధారాల సమస్య

పరిశోధకుడికి మొదట ఎదురయ్యే కష్టం సినిమా దొరక్కపోవడం. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు మిగలలేదు. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు అందరూ రాశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలు, సెన్సారు వివరాలు గాలించి, 1932 జనవరి 22న సెన్సారు అయిందని, ఫిబ్రవరి 6న బొంబాయిలో తొలిసారి విడుదలైందని నిరూపించారు. ఏ విశ్వవిద్యాలయ పథకమూ లేకుండా ఒక విలేకరి చేసిన పని ఇది.

ఇలాంటి పనికి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ కూడా ఒక గ్రంథాలయమే. దుకాణాల మూసిన షట్టర్ల ముందు పరిచిన పాత పుస్తకాల్లో సినిమా పత్రికల విడి సంచికలు, పాటల పుస్తకాలు దొరుకుతుంటాయి. పాటల పుస్తకమంటే హాలు దగ్గర అమ్మిన పలచటి కరపత్రం లాంటిది. అట్ట మీద తారల బొమ్మ, లోపల నటవర్గం, సాంకేతిక వర్గం, కథ సగం దాకా చెప్పి ‘శేషం వెండితెరపై’ అని ఒక ముగింపు, ఆ తర్వాత పాటలు. ప్రింటు పోయిన సినిమాకు చాలాసార్లు ఇదొక్కటే సాక్ష్యం. వీటిని క్రమంగా సేకరించి భద్రపరిచే ప్రజా గ్రంథాలయం నగరానికి అత్యవసరం.

ప్రస్తుత స్థితి

‘బాహుబలి’, ‘ఆర్ఆర్ఆర్’ విజయాల తర్వాత తెలుగు సినిమా మీద విదేశీ విద్యావేత్తల చూపు పెరిగింది. తెలంగాణ ఉద్యమం తెర మీది యాసను, విలన్ ఊరిని, హాస్యగాడి భాషను ప్రశ్నగా మార్చింది. అయితే శ్రీనివాస్, మాధవప్రసాద్, భృగుబండల పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనివే. పాలాభిషేకం చేసిన అభిమాని తన గురించి రాసిన పుస్తకాన్ని తన భాషలో చదువుకునే వీలు ఉండాలి. ఆ అనువాదాల బాధ్యత తీసుకోదగ్గ సంస్థ పబ్లిక్ గార్డెన్స్‌లో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయమే. ఇక 1995లో ఈటీవీ, జెమినీ వచ్చినప్పటి నుంచి ప్రతి రాత్రీ ఇళ్లలో నడుస్తున్న సీరియల్‌కు సినిమాకు దక్కిన శ్రద్ధలో చిన్న భాగం కూడా దక్కలేదు. వందల ఎపిసోడ్ల కథను, అది చూస్తూ వంట ముగించే గృహిణిని శ్రీనివాస్ అభిమానిని చూసినంత గౌరవంతో చూసే అధ్యయనం తెలుగు టెలివిజన్‌కు ఇంకా రావలసే ఉంది.